విలువ పెరిగే ద్రవ్యం దేశానికి మేలా, కీడా: తేల్చుకునే విధానం

కాలం గడిచేకొద్దీ విలువ పెరిగే ద్రవ్యం, అంటే నిరుడు ఒక బస్తా ధాన్యం కొనిపెట్టిన డబ్బే ఈ ఏడు బస్తా మీద మరో రెండు కుంచాలు కొనిపెట్టే ద్రవ్యం, దేశానికి మంచిదా కాదా అన్న ప్రశ్నకు రెండు సిద్ధ సమాధానాలు ప్రచారంలో ఉన్నాయి. పొదుపు చేసుకునేవారూ, బంగారాన్ని నమ్మినవారూ, ఈ మధ్య బిట్‌కాయిన్‌ను నమ్మినవారూ దానిని వరమంటారు. కేంద్ర బ్యాంకుల అధికారులూ, కళాశాల పాఠ్యపుస్తకాలూ దానిని వ్యాధిగా చెబుతారు. ఈ రెండు పక్షాలలో దేనినీ ముందుగా పట్టుకోకుండా, చరిత్రలో జరిగిన ఒక ఉదంతాన్ని గాని, రేపు ఎవరైనా ప్రతిపాదించబోయే కొత్త ద్రవ్యాన్ని గాని ఎలా పరీక్షించాలో ఇక్కడ వివరిస్తాను. ఇందుకు పెద్ద గణితం అవసరం లేదు. ధరల సూచీ, ఉత్పత్తి లెక్క, అప్పుల లెక్క, కూడికలు భాగహారాలు చేసే ఓపిక ఉంటే చాలు. నా మొగ్గు ఎటో దాచను: ధరలు పడిపోయే నాటికి ఎవరి మీద ఎంత అప్పు ఏ ద్రవ్యంలో రాసి ఉందన్న సంగతే ఎక్కువసార్లు మేలుకీడులను నిర్ణయించిందని నేను భావిస్తున్నాను.

పరీక్షకు పెట్టవలసినదేమిటో ఖాయం చేసుకోవడం

ద్రవ్యోల్బణం తగ్గిందని పత్రికలో వార్త రాగానే, బజారులో ఏ ధరా తగ్గలేదే అని జనం విసుక్కోవడం మామూలే. విసుగు న్యాయమైనదే, వార్తా తప్పు కాదు. ధరలు పెరిగే వేగం ఆరు శాతం నుంచి రెండు శాతానికి దిగితే ద్రవ్యోల్బణం తగ్గినట్టు. ధరల మట్టమే నిరుటి కంటే కిందికి దిగితే అది ప్రతి ద్రవ్యోల్బణం (డిఫ్లేషన్). భారత రిజర్వు బ్యాంకుకు 2016 నుంచి చట్టప్రకారం నిర్దేశించిన లక్ష్యం నాలుగు శాతం, దానికి అటు ఇటు రెండు శాతం వెసులుబాటు. అంటే మన రూపాయి ఏటా కొంత తరగడం విధానం ప్రకారమే జరుగుతోంది. కాబట్టి వేగం తగ్గిన సందర్భాన్ని పట్టుకొని ప్రతి ద్రవ్యోల్బణం గురించి తీర్పు చెప్పకూడదు.

ఒక సరుకు ధర పడిపోవడాన్నీ పక్కన పెట్టాలి. మదనపల్లె మార్కెట్లో టమాటా ధర కూలిపోతే అది పంట ఎక్కువై వచ్చిన ఇబ్బంది; ఆ రోజున ఉప్పు, చెప్పులు, సిమెంటు, బస్సు చార్జీ అన్నీ తమ చోటనే ఉంటాయి. ద్రవ్యం విలువ పెరిగిందని చెప్పాలంటే సరుకులూ సేవలూ చాలావరకు కలిసి దిగాలి, ఆ దిగడం కొన్ని నెలలైనా నిలవాలి.

ధరలు ఎందుకు తగ్గాయో కనిపెట్టడం

ధరల మట్టం తగ్గడానికి మూలకారణాలు రెండు. సరుకు పెరిగి, డబ్బు అంతగా పెరగకపోవడం ఒకటి. సరుకు ఉన్నంతే ఉండి, డబ్బూ పరపతీ (అప్పు పుట్టే వీలు) కుంచించుకుపోవడం రెండవది. ధరల సూచీ ఒక్కటే చూస్తే ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. పక్కన ఉత్పత్తి లెక్క పెట్టుకుంటేనే తేడా తెలుస్తుంది. ధరలు దిగుతుండగా ఉత్పత్తి పెరుగుతుంటే మొదటి రకమనీ, రెండూ కలిసి దిగుతుంటే రెండవ రకమనీ ప్రాథమికంగా అనుకోవచ్చు.

అమెరికా చరిత్రలో ఈ రెండింటికీ నమూనాలున్నాయి. అంతర్యుద్ధకాలపు కాగితపు డాలర్లను 1879 జనవరి 1 నుంచి మళ్ళీ బంగారంతో ముడిపెట్టారు. 1873 నుంచి 1896 దాకా అక్కడ ధరలు సగటున ఏటా ఒకటి రెండు శాతం చొప్పున దిగుతూనే వచ్చాయి. అదే కాలంలో 1870లో సుమారు 53 వేల మైళ్లుగా ఉన్న రైలుమార్గాలు 1890 నాటికి లక్షా 60 వేల మైళ్లు దాటాయి; ఉక్కు చౌకైంది, రవాణా చౌకైంది, కార్మికుని కూలి డబ్బు రూపంలో పెద్దగా పెరగకపోయినా కొనుగోలు శక్తి పెరిగింది. ధరలు తగ్గితే ఆర్థిక వ్యవస్థ కుప్పకూలి తీరుతుందన్న వాదానికి ఈ పాతికేళ్లు గట్టి ఎదురుసాక్ష్యం.

1929 నుంచి 1933 వరకు జరిగింది దీనికి పూర్తిగా భిన్నం. వేల సంఖ్యలో బ్యాంకులు మూతపడ్డాయి; చెలామణిలో ఉన్న డబ్బు, బ్యాంకు డిపాజిట్లు కలిపి దాదాపు మూడోవంతు హరించుకుపోయాయి; ధరలు పాతిక శాతం మేరకు పడ్డాయి; 1933 నాటికి పనిచేయగలవారిలో నలుగురికి ఒకరు నిరుద్యోగి. ఇక్కడ ధరలు పడడం సమృద్ధి వల్ల కాదు.

కేంద్ర బ్యాంకులకు బ్యాంకుగా పనిచేసే బ్యాంక్ ఫర్ ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్స్ ఆర్థికవేత్తలు 2015లో 38 దేశాల లెక్కలను 140 సంవత్సరాల వెనక్కి వెళ్లి పరిశీలించారు. సరుకుల ధరలు తగ్గడానికీ ఉత్పత్తి వృద్ధి మందగించడానికీ ఉన్న సంబంధం బలహీనమనీ, అది కూడా ప్రధానంగా 1930ల మహామాంద్యం వల్లే లెక్కల్లో కనబడుతోందనీ, ఇళ్లూ భూములూ వంటి ఆస్తుల ధరలు పడిపోవడమే వృద్ధికి ఎక్కువ చేటనీ వారు తేల్చారు. ఆస్తుల ధరలను ప్రత్యేకంగా ఎందుకు చూడాలన్న ప్రశ్నకు జవాబు అప్పులోనే ఉంది: అప్పుకు తాకట్టుగా ఉండేవి ఇళ్లూ భూములే.

అయితే మొదటి రకాన్ని మంచిదని తేల్చేసి ఇక్కడితో ఆగిపోకూడదు. ఆ పాతికేళ్ల అమెరికా సుభిక్షంలోనే కాన్సస్, నెబ్రాస్కా రైతులు తిరగబడ్డారు, 1896 అధ్యక్ష ఎన్నిక ద్రవ్యానికి ఆధారం బంగారమా వెండా అన్న ప్రశ్న మీదే జరిగింది, వెండి పక్షాన నిలిచిన విలియం జెన్నింగ్స్ బ్రయన్ ఓడిపోయాడు. ఆ రైతులకు ఉపశమనం కలిగించినది విధానం కాదు, గనులు: దక్షిణాఫ్రికా బంగారం, రాతి నుంచి బంగారాన్ని సయనైడుతో విడదీసే పద్ధతి, ఆపైన కెనడాలోని క్లోండైక్ గనులు. గని దొరికితేనే గాని ఊపిరి ఆడని ద్రవ్య వ్యవస్థను నేనైతే ఆదర్శమనలేను. దేశం మొత్తానికి సుభిక్షమైన కాలంలో ఆ రైతులు ఎందుకు నష్టపోయారో తెలియాలంటే తర్వాతి పరీక్ష కావాలి.

అప్పును సరుకులోకి మార్చి చూడటం

ఇది అన్నింటికంటే ముఖ్యమైన పరీక్ష, చాలామంది వదిలేసేదీ ఇదే. చేయవలసింది ఇంతే: అప్పు తీసుకున్న రోజున దానిని అప్పుదారు అమ్ముకునే సరుకులో లెక్కించాలి, తీర్చే రోజున మళ్ళీ అదే సరుకులో లెక్కించాలి.

ఒక రైతు తొమ్మిది శాతం వడ్డీకి లక్ష రూపాయలు తెచ్చాడనీ, ఆ రోజు ధాన్యం క్వింటాలు 2,000 రూపాయలనీ అనుకుందాం. అతని అప్పు 50 క్వింటాళ్లు. ఏడాది తిరిగేసరికి ధాన్యం ధర ఐదు శాతం తగ్గి 1,900 అయితే, చెల్లించవలసిన 1,09,000 రూపాయలకు 57 క్వింటాళ్లకు పైగా అమ్మాలి. పత్రం మీద రాసిన వడ్డీ తొమ్మిది శాతమే. సరుకులో కట్టినది పదిహేను శాతానికి దగ్గర. అదే ధర ఐదు శాతం పెరిగి 2,100 అయి ఉంటే 52 క్వింటాళ్లు సరిపోయేవి, అంటే నాలుగు శాతం. ఇదే ఆర్థికశాస్త్రంలో నామమాత్రపు వడ్డీకీ వాస్తవ వడ్డీకీ ఉన్న తేడా. నూటికి రూపాయి వడ్డీ, నూటికి రెండు రూపాయల వడ్డీ అని నోట్లు రాసుకునే మన పల్లెల్లో పత్రం మీది వడ్డీని బేరమాడతారు గాని, ధరలు మార్చే వడ్డీని బేరమాడే వీలెవరికీ లేదు.

ఒక్క రైతుకు ఇది జరిగితే అతని దురదృష్టం. ఊరంతటికీ, దేశమంతటికీ ఒకేసారి జరిగితే ఇంకొక మెలిక పడుతుంది. అప్పు తీర్చడానికి అందరూ ఒకేసారి సరుకు అమ్ముతారు, పొలాలు అమ్ముతారు. అందరూ అమ్ముతున్నందువల్ల ధర ఇంకా పడుతుంది. ధర పడినందువల్ల మిగిలిన అప్పు బరువు ఇంకా పెరుగుతుంది. అప్పు తీర్చేకొద్దీ అప్పు పెరిగే ఈ విపరీతాన్ని 1933లో అమెరికన్ ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ సిద్ధాంతంగా రాశాడు. 1929 పతనంలో ఆయన తన ఆస్తినీ పోగొట్టుకున్నాడు కనుక, ఈ మాట బయటినుంచి చూసి చెప్పినది కాదు.

ప్రతి ద్రవ్యోల్బణానికి వ్యతిరేకంగా సాధారణంగా చెప్పే వాదం వేరు. రేపు చవకవుతుందని తెలిస్తే జనం ఈ రోజు కొనడం మానేస్తారు, దానితో వ్యాపారం ఆగిపోతుంది అంటారు. ఈ వాదం నాకు బలహీనంగా తోస్తుంది. వచ్చే ఏడు ఇంకా మంచి ఫోను ఇంకా తక్కువకు వస్తుందని తెలిసినవారే ఈ ఏడు ఫోను కొంటున్నారు. బియ్యం, మందులు, బడి ఫీజు ఎవరూ వాయిదా వేయరు. వాయిదా పడేది పెట్టుబడి: డబ్బును బీరువాలో ఉంచినా దాని విలువ పెరుగుతుంటే, అప్పు చేసి మిల్లు కట్టి, తయారైన సరుకును తగ్గిన ధరకు అమ్ముకునే సాహసం ఎవరు చేస్తారు? అందుచేత ఈ వాదాన్ని కొనుగోలుదారుకు కాక పారిశ్రామికునికి అన్వయించి చూడాలి.

ఒక ఉదంతం: రూపాయికి పద్దెనిమిది పెన్నీలు

పై పరీక్షలను మన ప్రాంతంలోనే జరిగిన ఒక ఉదంతానికి పెట్టి చూద్దాం. రూపాయికి 16 బ్రిటిష్ పెన్నీల మారకం ఉండాలా, 18 పెన్నీలు ఉండాలా అన్న వివాదంలో 1926లో భారత ద్రవ్యంపై వేసిన హిల్టన్ యంగ్ కమిషన్ 18 పెన్నీలను సిఫారసు చేసింది. 1927లో అదే చట్టమైంది. కమిషన్ సభ్యుడైన పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ 16 పెన్నీలే ఉండాలని అసమ్మతి పత్రం రాశాడు. తేడా రెండు పెన్నీలే కదా అనిపిస్తుంది గాని, లెక్క వేసి చూడాలి. పౌనుకు 240 పెన్నీలు. ఒక పౌను ధర పలికే సరుకును విదేశానికి అమ్మితే, 16 పెన్నీల లెక్కన 15 రూపాయలు చేతికి వస్తాయి. 18 పెన్నీల లెక్కన 13 రూపాయల 5 అణాల 4 పైలే (అణాకు 12 పైలు) వస్తాయి. దిగుమతి చేసుకునేవానికీ, లండన్‌కు పౌన్లలో చెల్లింపులు చేయవలసిన భారత ప్రభుత్వానికీ రూపాయి బరువుగా ఉండడం లాభం. వేరుశనగ, పత్తి, నూనెగింజలు పండించి ఎగుమతి ధర మీద ఆధారపడినవానికి నష్టం.

రెండు మూడేళ్లలోనే ప్రపంచ ధరలు కూలడం మొదలైంది. కలకత్తా టోకు ధరల సూచీ 1929లో 141 ఉండగా 1933కు 87కి పడిపోయింది. వ్యవసాయ సరుకులు అంతకంటే ఎక్కువగా పడ్డాయి. ధాన్యం ధర దాదాపు సగమైంది. 1931 సెప్టెంబరు 21న బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని (ద్రవ్యాన్ని బంగారంతో ముడిపెట్టే పద్ధతిని) వదిలేసింది గాని, రూపాయిని అదే 18 పెన్నీల దగ్గర పౌనుకు కట్టి ఉంచారు. పౌనుతో పాటు రూపాయి కూడా బంగారం లెక్కన పలచబడడం కొంత ఊరటే. అయినా దేశంలో ధరలను లేపడానికి రూపాయి మారకాన్ని తగ్గించే మార్గం మాత్రం మూతపడే ఉంది.

ఇప్పుడు అప్పుల లెక్క చూడాలి. మద్రాసు రాష్ట్రంలో గ్రామీణ రుణం దాదాపు 150 కోట్ల రూపాయలని 1930లో ప్రాంతీయ బ్యాంకింగ్ విచారణ సంఘం అంచనా వేసింది. 1935లో వ్యవసాయ రుణభారంపై సత్యనాథన్ నివేదిక దానిని 200 కోట్లుగా అంచనా కట్టింది. రూపాయల్లో చూస్తే పెరుగుదల మూడోవంతు. ధాన్యం ధర సగమైందన్న సంగతి కలిపి బస్తాల్లో లెక్కిస్తే అప్పు రెండున్నర రెట్లు దాటింది. కొత్తగా ఎవరూ విలాసాలకు అప్పు చేయనక్కరలేదు. ఉన్న నోటే పెరిగింది. దీనికి తోడు భూమి శిస్తు కూడా రూపాయల్లో నిర్ణయించినదే కనుక, పంట ధర సగమైతే శిస్తు రెట్టింపైనట్టే. కృష్ణా, గోదావరి జిల్లాల్లో రీసెటిల్‌మెంట్ (శిస్తు తిరిగి నిర్ణయించడం) పేరిట శిస్తు పెంచబోవడం మీద అంత ఆందోళన ఎందుకు రేగిందో, రైతు నాయకుడు ఎన్.జి. రంగా వంటివారి వెనుక రైతులు ఎందుకు నడిచారో ఈ లెక్క తెలిస్తే అర్థమవుతుంది.

అప్పు తీర్చడానికి మిగిలిన దారి ఇంట్లోని బంగారం. 1931 చివరి నుంచి, రూపాయల్లో బంగారం ధర పెరగడంతో, తరతరాలుగా బంగారం కొనే దేశమే అమ్మే దేశమైంది. కొన్ని వందల కోట్ల రూపాయల బంగారం ఓడలెక్కింది. ధర బాగున్నందువల్ల అమ్మిన మదుపరులూ అందులో ఉన్నారు గాని, శిస్తు గడువు ముంచుకొచ్చి అమ్మిన కుటుంబాలే ఎక్కువగా కనిపిస్తాయి. ద్రవ్యం విలువ పెరగడం పొదుపు చేసేవారికి ప్రతిఫలమని వాదించేవారు ఈ సంగతిని గమనించాలి: ఆ పొదుపే, మెడలోని నగ రూపంలో, పెరిగిన అప్పుకు సమిధ అయింది.

బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డున పరిస్థితి ఇంకా తీవ్రం. వేలాది తెలుగు కూలీలు రంగూన్ రేవులోనూ మిల్లుల్లోనూ పనిచేసే బర్మాలో, వరి పొలాల మీద తమిళ చెట్టియార్ల వడ్డీ వ్యాపారం విస్తరించి ఉండేది. దిగువ బర్మాలోని ప్రధాన వరి జిల్లాల్లో వారి చేతిలో ఉన్న పొలం 1930లో ఆరు శాతం; 1938 నాటికి పాతిక శాతం. భూములు స్వాధీనం చేసుకోవాలని చెట్టియార్లు మొదట ఆశపడ్డారనడానికి లేదు. వారికి కావలసింది అసలూ వడ్డీ. ధర పడిపోయి రైతు చెల్లించలేకపోయినప్పుడు పత్రం ప్రకారం మిగిలింది పొలమే. దాని నుంచి పుట్టిన వైరం బర్మా రాజకీయాలను చాలాకాలం వెంటాడింది.

ఈ ఉదంతంలో లాభపడినవారు లేకపోలేదు. రూపాయల్లో స్థిరమైన జీతం వచ్చే గుమాస్తాకు, ఉపాధ్యాయునికి, ప్రభుత్వోద్యోగికి 1931లో పెట్టిన పది శాతం జీతాల కోత పోగా కూడా బియ్యం చవకే. అప్పు ఇచ్చినవాడు కాగితం మీద లాభపడ్డాడు, వసూలు కానిచోట నష్టపోయాడు. చివరికి ముడి విప్పింది ద్రవ్య విధానం కాదు, శాసనసభ. రాజగోపాలాచారి మంత్రివర్గం 1938లో తెచ్చిన వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం, 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని రద్దు చేసింది. అసలుకు రెట్టింపు ఇప్పటికే చెల్లించిన రైతు అప్పు తీరిపోయినట్టే అంది. ధరలు పెంచిన అప్పును చట్టం తిరిగి తగ్గించింది. ఇలాంటి చట్టం అవసరమైందంటే ఆ ద్రవ్యం పరీక్షలో తప్పినట్టే లెక్క.

వంగని ధరలను వెతకడం

అప్పు తర్వాత చూడవలసింది, మిగతా ధరలతో పాటు దిగని ధరలు ఏవన్నది. వాటిలో పెద్దది కూలి. సరుకు ధర పది శాతం తగ్గితే వ్యాపారి ఆ మేరకు కూలి తగ్గించగలిగినప్పుడు ఎవరికీ నష్టం లేదు. తగ్గించలేనప్పుడు మనుషులను తగ్గిస్తాడు. 1925లో బ్రిటన్ ఆర్థికమంత్రి విన్‌స్టన్ చర్చిల్ పౌనును యుద్ధపూర్వపు మారకానికే, అంటే 4.86 డాలర్లకు, తిరిగి ముడిపెట్టాడు. ఇది పౌను విలువను పది శాతం మేరకు అతిగా కట్టడమేననీ, ఆ భారం కూలీల మీద పడుతుందనీ ఆర్థికవేత్త కీన్స్ అప్పుడే హెచ్చరించాడు. ఎగుమతి బొగ్గు గిట్టుబాటు కాక గని యజమానులు కూలి తగ్గించి, పని గంటలు పెంచబోయారు. 1926 మేలో సార్వత్రిక సమ్మె జరిగింది. సమ్మె తొమ్మిది రోజుల్లో ముగిసినా గని కార్మికులు నెలల తరబడి పోరాడి ఓడారు. పరీక్షలో అడగవలసిన ప్రశ్న ఇది: ఈ దేశంలో జీతాలు, అద్దెలు, పన్నులు, విద్యుత్ చార్జీలు ధరలతో పాటు ఎంత త్వరగా కిందికి దిగగలవు? దిగలేనివి ఎక్కువగా ఉన్నకొద్దీ నిరుద్యోగం ఎక్కువవుతుంది.

వడ్డీ సున్నాకు చేరాక

కేంద్ర బ్యాంకు చేతిలో ఉపాయం మిగిలి ఉందా లేదా అన్నది ఇంకొక పరీక్ష. ధరలు మూడు శాతం పెరుగుతున్నప్పుడు వడ్డీని రెండు శాతానికి దించితే వాస్తవ వడ్డీ సున్నా కిందికి పోయి అప్పు చవకవుతుంది. ధరలు రెండు శాతం తగ్గుతుంటే వడ్డీని సున్నాకు దించినా వాస్తవ వడ్డీ రెండు శాతం దగ్గరే ఆగిపోతుంది. ఆపైన దించడానికి పెద్దగా చోటు లేదు.

జపాన్ అనుభవమంతా ఈ ఇరుకులోనే గడిచింది. 1989 చివర శిఖరానికి చేరిన షేర్ల ధరలూ, ఆ వెనుకే భూముల ధరలూ కూలిపోయాక, సరుకుల ధరలు 1990ల చివర నుంచి దిగసాగాయి. కేంద్ర బ్యాంకు వడ్డీని 1999లో సున్నాకు తెచ్చింది, 2001లో బాండ్లు కొనుగోలు చేసి డబ్బు నింపే పద్ధతి మొదలుపెట్టింది, 2013లో రెండు శాతం ద్రవ్యోల్బణ లక్ష్యం పెట్టుకుంది, 2016లో రుణాత్మక (సున్నా కంటే తక్కువ) వడ్డీ దాకా వెళ్లింది, దాని నుంచి బయటపడింది 2024 మార్చిలో. ధరలు తగ్గింది ఏటా ఒక శాతం చుట్టుపక్కలే, నిరుద్యోగం 5.5 శాతాన్ని మించలేదు. అందుకే జపాన్‌ను చూపి ప్రతి ద్రవ్యోల్బణం భయంకరమనేవారూ, అదే జపాన్‌ను చూపి ఏమీ కాలేదనేవారూ ఉన్నారు. నా దృష్టిలో అక్కడి నష్టం కూలడంలో కాక కదలకపోవడంలో ఉంది: జీతాలు ఒక తరం పాటు పెరగలేదు, ప్రభుత్వ రుణం జాతీయోత్పత్తికి రెట్టింపును దాటింది, 2024 వసంతకాలపు వేతన చర్చల్లో ఐదు శాతం పెంపు సాధిస్తే అది 1991 తర్వాత ఇంత పెద్ద పెంపు ఇదేనని వార్త అయింది.

స్విట్జర్లాండులో 2015లో ధరలు ఒక శాతం పైగా తగ్గినా అలజడి కలగలేదు. ఫ్రాంకు విలువ ఒక్కసారిగా పెరిగి దిగుమతులు చవకైనందువల్ల వచ్చిన తగ్గుదల అది, పైగా కేంద్ర బ్యాంకు మైనస్ ముప్పావు శాతం వడ్డీతో దానిని ఎదుర్కొంది. దాదాపు అదే కాలంలో గ్రీసులోనూ ధరలు తగ్గాయి. అక్కడ సొంత ద్రవ్యం లేదు, అప్పు యూరోలలో కొండంత ఉంది, 2013లో నిరుద్యోగం 27 శాతం దాటింది. తగ్గుదల శాతం రెండు చోట్లా ఇంచుమించు ఒకటే.

రెండు సూచీలు రెండు మాటలు చెప్పినప్పుడు

ఈ పరీక్షలను ఇప్పటి లెక్కలకు పెట్టదలచినవారు ఒక చిక్కును ఎదుర్కొంటారు. మన దేశంలో 2014 నవంబరు నుంచి 2016 మార్చి వరకు టోకు ధరల సూచీ సున్నా కింద ఉండగా, వినియోగదారుల ధరల సూచీ ఐదు శాతం చుట్టూ పెరుగుతూ ఉంది. కారణం ముడిచమురు: 2014 జూన్‌లో పీపా 110 డాలర్లకు పైగా ఉన్నది 2016 జనవరికి 30 డాలర్ల కిందికి పడింది. చమురు కొనే దేశానికి ఇది మేలే. కాని ఉక్కు వంటి సరుకులు తయారుచేసే కంపెనీల కోణం నుంచి అప్పు లెక్క వేసి చూడాలి. 11 శాతం వడ్డీకి అప్పు తెచ్చిన కంపెనీ సరుకు ధర పది శాతం తగ్గితే, సరుకులో లెక్కిస్తే అది కట్టే వడ్డీ 23 శాతం. ఆ సంవత్సరాల్లో బ్యాంకుల మొండి బకాయిలు బయటపడడానికి అతి ఆశతో ఇచ్చిన రుణాలు, ఆగిపోయిన ప్రాజెక్టులు వంటి కారణాలు చాలా ఉన్నా, ఇదీ ఒకటి. అదే సమయంలో ఇంటి ఖర్చు పెరుగుతున్న ఉద్యోగికి డిపాజిట్ మీద వాస్తవ వడ్డీ అంతగా కనిపించలేదు. కాబట్టి వడ్డీని ఏ సూచీతో తగ్గించి చూడాలన్నది అప్పుదారు ఎవరన్నదాన్ని బట్టి ఎంచుకోవాలి: కంపెనీకి టోకు ధరలు, గృహస్థుకు వినియోగదారుల ధరలు, రైతుకు తన పంట ధర.

కొత్త ద్రవ్యానికీ ఇదే పరీక్ష

బిట్‌కాయిన్ 2009 జనవరిలో మొదలైంది, ఎన్నటికీ 2 కోట్ల 10 లక్షలకు మించదు, కొత్త నాణేల రాక దాదాపు నాలుగేళ్లకోసారి సగమవుతుంది. దానిని ఎవరూ ఇష్టానుసారం ముద్రించలేరన్నది నిజమే, ద్రవ్యాన్ని విచ్చలవిడిగా ముద్రించిన ప్రభుత్వాలను చూసినవారికి అది ఆకర్షణీయంగా తోచడం సహజమే. కాని పరిమితమైనది పరిమాణం మాత్రమే, విలువ కాదు. 2017 జనవరిలో వెయ్యి డాలర్ల దగ్గరున్న బిట్‌కాయిన్ ఆ డిసెంబరులో 19 వేలు దాటింది. 2021 నవంబరులో 68 వేల దగ్గరున్నది ఏడాదికే 16 వేల చుట్టూ తిరిగింది. మొదటి కాలంలో ఒక బిట్‌కాయిన్ అప్పు తీసుకుని ఇల్లు బాగుచేయించుకున్నవాడు పంతొమ్మిది ఇళ్ల మరమ్మతు ఖర్చు తిరిగి ఇవ్వాలి. రెండవ కాలంలో అప్పు ఇచ్చినవానికి ఇచ్చిన దానిలో పాతిక శాతమే తిరిగి వస్తుంది. ఈ ద్రవ్యంలో ప్రామిసరీ నోటు రాసుకునే ధైర్యం రెండు పక్షాల్లో ఎవరికుంటుంది?

మధ్య అమెరికా దేశమైన ఎల్ సాల్వడార్ 2021 సెప్టెంబరు 7న దానిని డాలరుతో పాటు చట్టబద్ధ ద్రవ్యం చేసింది. ఆ దేశాన్ని పరీక్షించేటప్పుడు బిట్‌కాయిన్‌తో కాఫీ కొన్నవారి సంఖ్యను లెక్కించడం కంటే, జీతాల పట్టీలు, ఇళ్ల అద్దె ఒప్పందాలు, బ్యాంకు రుణ పత్రాలు ఏ ద్రవ్యంలో రాశారో చూడడం మేలు. అవి 2001 నుంచి ఉన్నట్టే డాలర్లలోనే కొనసాగాయి. 2025 జనవరిలో చట్టం సవరించి, బిట్‌కాయిన్‌ను అంగీకరించడం వ్యాపారి ఇష్టానికి వదిలేశారు.